హైలక్స్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ ఇంట్లో మార్చుకోవచ్చా? దింపడం తేలిక, లెవెల్ పెట్టడమే పని

తర్వాత చదివేవాళ్ళకు కూడా తెలియాలి కాబట్టి ముందు ప్రశ్న చెబుతాను. తమ్ముడిది నెల్లూరు, ఉద్యోగం చెన్నై పెరుంగుడిలో. 2022 మోడల్ టొయోటా హైలక్స్ పికప్, ఆటోమేటిక్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. మీటరు 94 వేలు చూపిస్తోంది. వారమంతా ఓఎంఆర్ (చెన్నైలో పాత మహాబలిపురం రోడ్డు) ట్రాఫిక్, శని ఆదివారాలు ఊళ్ళో రొయ్యల చెరువులకు మేత బస్తాలు, ఏరేటర్ల సామాను. 60–70 స్పీడులో యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఉంచితే బండి సన్నగా వణుకుతోంది. ఒక సర్వీస్ సెంటర్‌లో అడిగితే అది లైఫ్‌టైమ్ ఆయిల్, ముట్టుకోనక్కర్లేదు అన్నారట. బయట మెకానిక్ ఏమో ఇంత తిరిగాక మారిస్తే గేర్‌బాక్స్ కూర్చుంటుందని భయపెట్టాడట. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో తనే మార్చుకోవచ్చా, ఎన్ని లీటర్లు కొనాలి, మెషీన్‌తో ఫ్లష్ చేయించాలా అని అడుగుతున్నారు. పాత ఓనరు ఇల్లు వేళచ్చేరిలో కాబట్టి వరదలో మునిగిన బండేమోనని ఒక అనుమానం. ట్రాన్స్‌ఫర్ కేసులో (ఇంజన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె) కూడా ఇదే ఆయిలా అన్నది చివరి ప్రశ్న.

అన్నా అని పిలిచారు కాబట్టి చనువుగానే చెబుతాను. చేసుకోవచ్చు. కానీ మీరు చూసిన వీడియోల్లో పావుగంట పాత ఆయిల్ దింపడం చూపించి, లెవెల్ సంగతి అర నిమిషంలో తేల్చేసి ఉంటారు. అసలు పని తలకిందులుగా ఉంటుంది. ప్లగ్ విప్పితే ఆయిల్ దానంతట అదే కిందకి వస్తుంది, అందులో మన ప్రతిభ ఏమీ లేదు. కొత్తది పోశాక సరైన వేడిలో, సరైన లెవెల్‌కి తెచ్చి మూయడంలోనే గేర్‌బాక్స్ బతుకు ఉంది. అంబత్తూరు వైపు గేర్‌బాక్సులు విప్పే పనిలోనే నా వయసంతా గడిచింది. ఆయిల్ మార్చకపోవడం వల్ల పోయిన వాటితో పాటు, ఆయిల్ మార్చి లెవెల్ తక్కువ పెట్టడం వల్ల పోయినవి కూడా బెంచీ మీదకు చాలానే వచ్చాయి. రెండో రకం చూస్తే నాకు ఎక్కువ బాధ, ఎందుకంటే ఆ ఓనరు మంచి చేద్దామనే డబ్బు ఖర్చు పెట్టి ఉంటాడు.

ఇంకో మాట ముందే చెప్పాలి. హైలక్స్‌కి కంపెనీ వారంటీ మూడేళ్ళు లేదా లక్ష కిలోమీటర్లు, ఏది ముందైతే అది. మీ బండి రిజిస్ట్రేషన్ తేదీ చూసుకోండి. వారంటీలో ఒక్క నెల మిగిలి ఉన్నా ఇంట్లో పానా పట్టకండి. ఆ వణుకును కంప్లయింట్‌గా రాయించి, జాబ్ కార్డు కాపీ దగ్గర పెట్టుకోండి.

లైఫ్‌టైమ్ అన్న మాట గురించి. ఎవరి లైఫ్ అని అడగాలి. వారంటీ కాలం దాటి, ఇంకొంత కాలం గేర్‌బాక్స్ నడిచేవరకు అని దాని అర్థం. ఖాళీ బండి హైవే మీద పరిగెత్తితే ఆ ఆయిల్ నిజంగానే చాలా కాలం ఉంటుంది. మీ బండి అలా లేదు. ఓఎంఆర్‌లో కదులుతూ ఆగుతూ పోయేటప్పుడు టార్క్ కన్వర్టర్ (ఇంజన్ తిప్పుడుని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం) లాక్ కాదు, లోపల ఆయిల్ చిలకబడుతూ వేడెక్కుతూనే ఉంటుంది. దాని మీద బరువు. ఆయిల్ వేడి ఒక స్థాయి దాటాక ప్రతి పది డిగ్రీలకు దాని ఆయుష్షు ఇంచుమించు సగం అవుతుందని మా పనివాళ్ళ మోటు లెక్క. ల్యాబ్ లెక్క కాకపోయినా దారి తప్పదు. బరువు మోసే, ట్రాఫిక్‌లో నలిగే ఆటోమేటిక్ పికప్‌కి 60 నుంచి 80 వేల మధ్య ఒకసారి ఆయిల్ మార్చమని నేను చెబుతాను. మీరు దాటేశారు, కానీ అందనంత దూరం ఏమీ పోలేదు.

మరి మారిస్తే పోతుందన్న భయం ఎక్కడిది? జనం గేర్లు జారడం మొదలయ్యాకే ఆయిల్ గుర్తు తెచ్చుకుంటారు. అప్పటికే క్లచ్ ప్లేట్ల మీది లైనింగ్ అరిగి, ఆ పొడి ఆయిల్‌లో తేలుతూ ఉంటుంది. మార్చిన వారానికి గేర్‌బాక్స్ ఆగిపోతే నింద కొత్త ఆయిల్ మీద పడుతుంది. అది ఎలాగూ పోయేదే. కాబట్టి మార్చే ముందు మీ గేర్‌బాక్స్ ఏ స్థితిలో ఉందో తేల్చుకోవాలి. బండి రాత్రంతా ఆగి ఉన్నాక పొద్దున్నే స్టార్ట్ చేసి, బ్రేకు తొక్కి, రివర్స్‌లో పెట్టండి. ఒక సెకను, సెకనున్నరలో చిన్న తోపుతో గేరు పడాలి. మూడు నాలుగు సెకన్లు ఆలోచించి టక్కున పడితే మంచి లక్షణం కాదు. రోడ్డు మీద యాక్సిలరేటర్ తొక్కితే ఆర్‌పీఎం పైకి లేచి స్పీడు లేవకపోతే అది స్లిప్. ఆ రెండిట్లో ఏది ఉన్నా ఆయిల్ మార్పు వైద్యం కాదు, గేర్‌బాక్స్ విప్పేవాడి దగ్గరికి వెళ్ళాల్సిందే.

మీరు చెప్పిన వణుకు వేరే. టార్క్ కన్వర్టర్ లోపల ఒక క్లచ్ ఉంటుంది. నిలకడ స్పీడులో అది ఇంజన్‌ని గేర్‌బాక్స్‌తో నేరుగా పట్టి ఉంచుతుంది. ఆ పట్టు మెత్తగా పడటానికి ఆయిల్‌లో ఘర్షణను అదుపు చేసే మందులు కలుపుతారు. అవి అరిగిపోయాక క్లచ్ పట్టుకుంటూ వదులుతూ ఉంటుంది, అదే మీకు వణుకుగా తెలుస్తోంది. పరీక్ష ఒకటి ఉంది. ఖాళీ రోడ్డు మీద, వెనక ఎవరూ లేనప్పుడు, వణుకు వస్తుండగా బ్రేకు పెడల్‌ని బ్రేకు లైటు వెలిగేంత మాత్రమే తాకండి, బండి ఆగేంత కాదు. బ్రేకు స్విచ్ పనిచేయగానే చాలా బళ్ళలో ఆ క్లచ్ పట్టు వదిలేస్తుంది. ఆ క్షణంలో వణుకు మాయమైతే దొంగ కన్వర్టర్ క్లచ్చే. మాయం కాకపోతే టైర్లు, ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్లు, ఇంజన్ మౌంట్లు ముందు చూపించండి. మేత బస్తాలు మోసే పికప్‌లో షాఫ్ట్ జాయింట్లు ముందే అరుగుతాయి. నలుగురిలో ఒకరైనా గేర్‌బాక్స్ అని వచ్చి షాఫ్ట్ క్రాస్ మార్చుకుని వెళ్ళేవారు. కన్వర్టరే అయితే, మొదటి దశలో ఉన్న వణుకు కొత్త ఆయిల్‌తో చాలాసార్లు పోతుంది. గ్యారంటీ ఇవ్వను.

ఇక వరద సంగతి. 2023 డిసెంబర్ మొదట్లో మిచాంగ్ తుపానుకి వేళచ్చేరి, పళ్ళికరణై, ముడిచూరు వైపు బళ్ళు ఎలా మునిగాయో చెన్నైలో ఉన్నవాళ్ళందరికీ గుర్తే. హైలక్స్ 700 మిల్లీమీటర్ల నీళ్ళు దాటుతుందని కంపెనీ చెప్పేది కదిలే బండి గురించి. రెండు రోజులు నీళ్ళలో నిలబడ్డ బండి గురించి కాదు. గేర్‌బాక్స్‌కి గాలి పీల్చుకునే బ్రీథర్ గొట్టం ఉంటుంది. వేడి గేర్‌బాక్స్ చల్లటి నీళ్ళలో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోయి, ఎక్కడ సందు దొరికితే అక్కడ నీళ్ళు లాగుతుంది. నీళ్ళు కలిసిన ఆయిల్ ఎర్రగా, తేటగా ఉండదు. పాలిపోయిన గులాబీ రంగులో, మసకగా, నురగగా ఉంటుంది. క్లచ్ ప్లేట్ల మీది లైనింగ్ కాగితపు పీచుతో చేసి జిగురుతో అతికించినది, నీళ్ళు తగిలితే ఊడుతుంది. అందుకే మునిగిన బండిని స్టార్ట్ చేయకూడదని నెత్తీనోరూ కొట్టుకునేది.

మీరు దింపే ఆయిల్‌లో కొంచెం పక్కన తీసి, పాత రేకు ముక్కని బాగా వేడి చేసి దాని మీద ఒక్క చుక్క వేయండి. నీళ్ళుంటే చిటపటలాడుతుంది, లేకపోతే నెమ్మదిగా పొగ మాత్రమే వస్తుంది. వంటింటి పెనం మీద చేయకండి, తర్వాత ఇంట్లో నన్ను తిడతారు. చిటపటలాడితే వరదే అని తీర్మానించకండి. రేడియేటర్ లోపలి కూలర్ పగిలి కూలెంట్ కలిసినా ఇదే జరుగుతుంది. కూలెంట్ డబ్బా మూత తీసి చూడండి, అక్కడ జిడ్డు తేలుతుంటే దొంగ అక్కడ ఉన్నాడు. మునిగిన బండి అవునో కాదో తెలుసుకోవడానికి గేర్‌బాక్స్ కంటే సీటు పట్టాల కింద తుప్పు, కార్పెట్ అడుగున మట్టి, ఇన్సూరెన్స్ క్లెయిమ్ చరిత్ర త్వరగా చెబుతాయి.

ఆయిల్ కొనడం. మీ బండిలో ఉన్నది ఫార్చ్యూనర్ 2.8 డీజిల్‌లో ఉండే రకం ఆరు గేర్ల ఆటోమేటిక్. దానికి టొయోటా ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) డబ్ల్యూఎస్ రకం కావాలి. ఇది పలుచటి ఆయిల్. పాత డెక్స్‌రాన్-3 పోసి ‘ఏటీఎఫ్ అంటే ఏటీఎఫే కదా’ అనేవాళ్ళ మాట వినకండి. సీవీటీ (గేర్లకు బదులు బెల్టుతో నడిచే వేరే రకం ఆటోమేటిక్) ఆయిల్ అసలే వద్దు. చెన్నై జీపీ రోడ్డు స్పేర్ల బజారులో దొరకని స్పేరు ఉండదు, నేను కూడా సగం సామాను అక్కడే కొనేవాణ్ణి. అయినా ఈ ఒక్కటి మాత్రం కంపెనీ స్పేర్స్ కౌంటర్‌లో సీలు డబ్బాలు, బిల్లుతో కొనండి. నకిలీ ఇంజన్ ఆయిల్ పోస్తే ఇంజన్ కొంత కాలం ఓర్చుకుంటుంది. గేర్‌బాక్స్ ఓర్చుకోదు, ఎందుకంటే ఇక్కడ ఆయిలే ప్రెషర్, ఆయిలే ఘర్షణ, ఆయిలే చల్లదనం. అదే కౌంటర్‌లో ఫిల్ ప్లగ్‌కి, డ్రెయిన్ ప్లగ్‌కి, లెవెల్ ప్లగ్‌కి కొత్త వాషర్లు కూడా అడిగి తీసుకోండి. పాత వాషర్ తిప్పి వేసే అలవాటు మన దగ్గర ఎక్కువ, మూడో నెలలో పార్కింగ్‌లో ఎర్ర మచ్చలు కనబడేది అందుకే.

ఎన్ని లీటర్లు అంటే, గేర్‌బాక్స్, కన్వర్టర్, కూలర్ గొట్టాలు అన్నీ కలిపి పది లీటర్ల చుట్టూ పడుతుంది. డ్రెయిన్ ప్లగ్ విప్పితే వచ్చేది మూడు, నాలుగు లీటర్లే. మిగతాది కన్వర్టర్‌లో, వాల్వ్ బాడీలో (ఆయిల్‌ని ఏ క్లచ్‌కి పంపాలో మళ్ళించే సన్నటి దారుల దిమ్మ) ఉండిపోతుంది. మూడున్నర లీటర్లు మారాయనుకోండి, పాతది ఇంకా 65 శాతం ఉంటుంది. రెండోసారి మారిస్తే 42, మూడోసారి 27. నాలుగోసారి వరకు వెళ్ళడం డబ్బు దండగ. మూడుసార్లు, మధ్యలో ఒక్కో వారం మామూలుగా నడుపుతూ చేయండి. పన్నెండు లీటర్లు కొంటే సరిపోయి కాస్త మిగులుతుంది.

ఫ్లష్ మెషీన్ గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కూలర్ గొట్టానికి కలిపి, గేర్‌బాక్స్ సొంత పంపుతోనే పాతది బయటికి నెట్టించి కొత్తది ఇచ్చే మెషీన్ తప్పేమీ కాదు, తెలిసినవాడి చేతిలో అయితే. చరిత్ర తెలియని 94 వేల బండికి మాత్రం వద్దు. వాల్వ్ బాడీ సందుల్లో కూర్చున్న మడ్డి ఒక్కసారిగా కదిలితే ఎక్కడ ఇరుక్కుంటుందో ఎవరూ చెప్పలేరు. మెల్లగా మూడుసార్లు మారిస్తే దానికి ఆ అవకాశం తక్కువ. పైగా మెషీన్ అద్దె మిగులుతుంది.

ఇప్పుడు లెవెల్. ఈ గేర్‌బాక్స్‌కి డిప్‌స్టిక్ ఉండదు. కింద పాన్‌లో (ఆయిల్ నిలిచే తొట్టి) లెవెల్ ప్లగ్ ఉంటుంది, దాని వెనక లోపల ఒక నిలువు గొట్టం. ఆయిల్ ఆ గొట్టం పై అంచు దాటితే పొర్లి బయటికి వస్తుంది, దాటకపోతే రాదు. అంతే లెవెల్ కొలత. కొన్ని గేర్‌బాక్సుల్లో డ్రెయిన్, లెవెల్ రెండూ ఒకే రంధ్రంలో ఉంటాయి, కొన్నింట్లో వేరువేరు. విప్పే ముందు మాన్యువల్ బొమ్మతో పోల్చి చూసుకోండి.

చిక్కు ఏమిటంటే ఆయిల్ వేడికి ఉబ్బుతుంది. పది లీటర్ల ఆయిల్ 40 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 300 మిల్లీలీటర్లు పెరుగుతుంది. లెవెల్ 40 డిగ్రీల చుట్టుపక్కల సరిగ్గా ఉండేలా కంపెనీ ఆ గొట్టం ఎత్తు పెట్టింది. కచ్చితమైన అంకెలు మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఉంటాయి, వాటినే పట్టుకోండి. మీరు ఓఎంఆర్ మీద తిరిగి వచ్చి 80 డిగ్రీల దగ్గర ప్లగ్ విప్పితే ఉబ్బిన ఆయిల్ పొర్లి పోతుంది, మీరు ఎక్కువైందనుకుని మూస్తారు. మర్నాడు చల్లారాక 300 మిల్లీలీటర్లు తక్కువ. ఘాట్ ఎక్కేటప్పుడు, మలుపుల్లో ఆయిల్ పక్కకి ఒరిగినప్పుడు పంపు గాలి మింగుతుంది. గాలి కలిస్తే ప్రెషర్ పడిపోయి క్లచ్‌లు జారి కాలిపోతాయి. యేర్కాడ్ నుంచో కొల్లి కొండల డెబ్బై మలుపుల నుంచో టోయింగ్ మీద వచ్చిన గేర్‌బాక్సుల్లో ఈ కథ ఎక్కువ. మరీ చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే దీనికి ఎదురు తప్పు. ఆయిల్ ఎక్కువై, తిరిగే భాగాలకు తగిలి నురగ కడుతుంది, బ్రీథర్ నుంచి కక్కుతుంది.

చెన్నైలో దీనికి ఇంకో తలనొప్పి ఉంది, బయటి ఊళ్ళ వీడియోల్లో మీకు అది కనబడదు. చల్లటి దేశాల్లో ఆయిల్ 15 డిగ్రీల నుంచి మొదలై 40కి నెమ్మదిగా ఎక్కుతుంది, కాఫీ తాగేంత సమయం ఉంటుంది. మే నెల మధ్యాహ్నం మన పార్కింగ్‌లో నిలబెట్టిన బండిలో, ఇంజన్ పెట్టకముందే ఆయిల్ 37, 38 ఉంటుంది. స్టార్ట్ చేసి గేర్లు అటూ ఇటూ మార్చేసరికి హద్దు దాటిపోతుంది. ఒకసారి దాటాక చల్లారడానికి ఆ ఎండలో సాయంత్రం దాకా చూడాలి. అందుకని రాత్రంతా ఆగిన బండితో, తెల్లవారుజామున ఐదింటికి మొదలుపెట్టండి. డిసెంబర్, జనవరి అయితే ఇంకా మేలు. మొదటిసారి చేసేవాళ్ళకు నేను ఎండాకాలంలో వద్దనే చెబుతాను.

వేడి కొలవడానికి ఓబీడీ సాకెట్‌కి (బండి కంప్యూటర్ లెక్కలు చదివే సాకెట్) పెట్టే బ్లూటూత్ స్కానర్ కొనండి. గేర్‌బాక్స్ ఆయిల్ టెంపరేచర్ చూపించేదేనా అని అడిగి మరీ కొనండి, చవక వాటిలో చాలా వరకు ఇంజన్ వేడి మాత్రమే చూపిస్తాయి. ఇన్‌ఫ్రారెడ్ గన్ ఉందా, పాన్ మీద కొట్టొచ్చు. కానీ మెరిసే లోహం మీద అది తప్పు చూపిస్తుంది. పాన్ మీద నల్ల ఇన్సులేషన్ టేప్ ముక్క అతికించి, దాని మీద కొట్టండి. అయినా లోపలి ఆయిల్ కంటే పాన్ కొంచెం చల్లగానే ఉంటుందని గుర్తుంచుకోండి.

బండి సమంగా నిలబడాలి. ఖాళీ పికప్ వెనక భాగం లేచి ఉంటుంది, కమాను పట్టీలు బరువు కోసం చేసినవి కదా. దాని మీద మీ బేస్‌మెంట్ ర్యాంప్ వాలు కూడా కలిస్తే లెవెల్ ఎటు పోతుందో చెప్పలేం. కొలమట్టం ఒకటి తెచ్చి ఛాసిస్ మీద పెట్టి చూడండి. పికప్‌కి ఉన్న వరం ఏమిటంటే జాకీ ఎత్తకుండానే కింద దూరవచ్చు. ఎత్తాల్సి వస్తే నాలుగు స్టాండ్ల మీద సమంగా ఎత్తాలి. జాకీ మీద మాత్రమే నిలబెట్టి కిందకి దూరేవాణ్ణి నా ముందు అయితే చెవి పట్టుకుని లాగుతాను. ఇంజన్ నడుస్తుండగా కింద పని ఉంటుంది కాబట్టి మూసిన బేస్‌మెంట్‌లో వద్దే వద్దు, పొగ ప్రాణం తీస్తుంది. గాలి ఆడే చోట, చక్రాలకు నాలుగు వైపులా అడ్డుకట్టలు, హ్యాండ్ బ్రేకు, డ్రైవర్ సీటులో బ్రేకు తొక్కి కూర్చోవడానికి నమ్మకమైన ఒక మనిషి. ఆ మనిషి గేరు కదిపేటప్పుడు మీరు బండి కింద ఉండకూడదు. బయటికి వచ్చి, ఊఁ అన్నాకే కదపాలి.

పని మొదట ఫిల్ ప్లగ్‌తో మొదలవ్వాలి. గేర్‌బాక్స్ పక్క వాటాన ఉంటుంది. అది విప్పగలిగితేనే డ్రెయిన్ ముట్టుకోండి. కింద ఖాళీ చేసేసి, పైన ప్లగ్ బిగుసుకుపోయి రాకపోతే మీ బండి అక్కడే పాతుకుపోతుంది. ఇంకో జాగ్రత్త, ఫోర్ బై ఫోర్ బండిలో గేర్‌బాక్స్ వెనకే ట్రాన్స్‌ఫర్ కేసు అతుక్కుని ఉంటుంది, దానికీ డ్రెయిన్, ఫిల్ ప్లగ్‌లు ఉంటాయి. ఆయిల్ ఎర్రగా రాకుండా తేనె రంగులో, చిక్కగా వస్తే వేరేది విప్పారని అర్థం, వెంటనే మూయండి. అనుభవం ఉన్నవాళ్ళు కూడా చీకట్లో ఇక్కడ పొరపడతారు.

డ్రెయిన్ ప్లగ్ విప్పి, లీటరు గుర్తులున్న పాత్రలోకి పట్టండి. ధార చుక్కలయ్యేదాకా ఓపిక పట్టండి. వచ్చిన ఆయిల్‌ని తెల్లటి పళ్ళెంలో కొంచెం పోసి వెలుతురులో చూడండి. ముదురు ఎరుపు, గోధుమ రంగు అయితే కంగారు పడక్కర్లేదు, ఎర్ర రంగు గుర్తుకోసం కలిపిన రంగే, అది త్వరగానే మాసిపోతుంది. రంగు కంటే వాసన నమ్మండి. మాడిన వాసన ఘాటుగా ముక్కుకి తగిలితే క్లచ్ కాలిందని. ఒక బలమైన అయస్కాంతాన్ని ఆయిల్‌లో తిప్పి తీయండి. దాని మీద మెత్తటి బూడిద రంగు గుజ్జు చేరి, వేళ్ళ మధ్య రుద్దితే గరుకు తగలకపోతే అది మామూలు అరుగుదల. వేలికి గుచ్చుకునే పెళ్ళలు, అయస్కాంతానికి అంటని పసుపు పచ్చటి మెరుపులు, నల్లటి పొలుసులు కనబడితే అక్కడితో ఆపి, ఫొటో తీసి, తెలిసిన గేర్‌బాక్స్ మెకానిక్‌కి చూపించండి.

పాన్ మాత్రం ఇంట్లో విప్పకండి. బోల్టులు చిన్నవి, అవి దిగేది అల్యూమినియం బాడీలోకి, కొంచెం బలం ఎక్కువైతే థ్రెడ్ పోతుంది. లోపల జల్లెడ లాంటి స్ట్రెయినర్ ఉంటుంది, ప్రతిసారీ మార్చాల్సిందేమీ కాదు. ఆయిల్ మూడుసార్లు మారినా వణుకు పోకపోతే అప్పుడు వర్క్‌షాప్‌లో పాన్ దింపించి, గాస్కెట్‌తో సహా మార్పించుకోండి.

డ్రెయిన్ ప్లగ్ కొత్త వాషర్‌తో మూసి, చేతి పంపుతో ఫిల్ రంధ్రం నుంచి కొత్తది ఎక్కించండి. దిగినది ఎంతో అంత, పైన అర లీటరు. దిగిన ఆయిల్, పోసే ఆయిల్ రెండూ ఒకే వేడిలో ఉన్నప్పుడు కొలవాలి, వేడి ఆయిల్ నాలుగు లీటర్లు చల్లారాక నాలుగు ఉండవు. పాత లెవెల్ సరిగ్గానే ఉందన్న నమ్మకంతో ‘ఎంత దిగితే అంత పోశాం, అయిపోయింది’ అనుకోకండి. లీకై అర లీటరు తక్కువున్న బండిలో మీరు ఆ తక్కువని జాగ్రత్తగా కాపాడినట్టు అవుతుంది.

ఫిల్ ప్లగ్ చేత్తో తిప్పి మూసి, ఏసీ, లైట్లు ఆపి ఇంజన్ స్టార్ట్ చేయించండి. మీరు బయట ఉండగా, సీటులోని మనిషి బ్రేకు తొక్కి ప్రతి గేరులో కొన్ని సెకన్లు ఉంచుతూ పీ (పార్క్) నుంచి డీ (డ్రైవ్) వరకు, మళ్ళీ వెనక్కి పీకి తేవాలి. దాంతో ఖాళీ అయిన దారులన్నీ ఆయిల్‌తో నిండుతాయి. తర్వాత పీలోనే ఐడిల్‌లో వదిలి స్కానర్ చూస్తూ ఉండండి. హద్దులోకి రాగానే, ఇంజన్ నడుస్తుండగానే లెవెల్ ప్లగ్ విప్పండి. ఇంజన్ ఆపి విప్పితే కన్వర్టర్‌లో ఉన్న ఆయిల్ కిందకి జారి, లీటర్ల కొద్దీ బయటికి వచ్చి మిమ్మల్ని బెంబేలెత్తిస్తుంది. విప్పగానే మొదట గొట్టంలో నిలిచిన కొంచెం ఆయిల్ రావచ్చు, అది చూసి లెవెల్ నిండింది అనుకోవద్దు. ధారగా వచ్చి, సన్నబడి, తీగలా మారి, చుక్కలు విడివిడిగా రాలేదాకా చూసి అప్పుడు మూయండి. ఏమీ రాకపోతే ఫిల్ రంధ్రం నుంచి కొంచెం కొంచెంగా పోస్తూ పొర్లేదాకా తేవాలి. ఈలోపు వేడి హద్దు దాటితే పంతానికి పోకండి. ప్లగ్‌లన్నీ మూసి, ఇంజన్ ఆపి, మర్నాడు పొద్దున మళ్ళీ. బండిని ఆ రోజుకి రోడ్డెక్కించకుండా ఉంటే చాలు. సైలెన్సర్ గొట్టం పక్కనే ఉంటుంది, మోచెయ్యి కాల్చుకోకండి.

ప్లగ్‌లు బిగించడానికి బలం అక్కర్లేదు. డ్రెయిన్, లెవెల్ ప్లగ్‌లు 20 న్యూటన్ మీటర్ల చుట్టూ, అంటే చిన్న రించితో మణికట్టు బలం. ఫిల్ ప్లగ్‌కి దాదాపు దానికి రెట్టింపు. టార్క్ రించి అద్దెకు దొరికితే తెచ్చుకోండి.

మొదటి రెండు రోజులు గేర్లు కాస్త కొత్తగా పడుతున్నట్టు అనిపించవచ్చు, కంట్రోల్ యూనిట్ మళ్ళీ సర్దుకుంటుంది. వారం తర్వాత కింద అట్టముక్క పరిచి రాత్రంతా ఉంచి చూడండి, ఎర్ర చుక్క పడకూడదు. మధ్యలో రెండో మార్పుకి దిగినంత పోస్తే చాలు, మొదటిసారి, చివరిసారి మాత్రం లెవెల్ తంతు మొత్తం చేయాల్సిందే. శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ ఆటోమేటిక్ వాళ్ళు కూడా ఇది చదువుతుంటే, ఆలోచన ఇదే కానీ ఆయిల్ గ్రేడు, ఉష్ణోగ్రత మీ మాన్యువల్‌లోవి పాటించండి, నా అంకెలు కావు.

దింపిన పది పదకొండు లీటర్ల పాత ఆయిల్ ఖాళీ డబ్బాల్లోకే పట్టి, మూత బిగించి ఉంచండి. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం అది అనుమతి ఉన్న రీసైక్లర్ దగ్గరికే వెళ్ళాలి. మీరు సర్వీస్ చేయించే పెద్ద వర్క్‌షాప్‌లు ఎలాగూ వాళ్ళకే ఇస్తాయి, ఒక మాట అడిగి అక్కడ అప్పగించండి. పార్కింగ్ పక్క కాలవలో ఒంపితే మీ వైపు అది చేరేది పళ్ళికరణై చిత్తడి నేలకే, 2022లో రామ్‌సర్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాలో చేరిన చోటు అది.

ట్రాన్స్‌ఫర్ కేసులో ఈ ఎర్ర ఆయిల్ పోయకండి. దానికి, ముందు వెనక డిఫరెన్షియల్స్‌కి పోసేవి గేర్ ఆయిల్స్, గ్రేడులు ఓనర్ మాన్యువల్ చివరి పేజీల్లో పట్టికలో ఉంటాయి. అక్కడ వేడి లెక్కలు, లెవెల్ తంతులు ఏమీ లేవు. బండి సమంగా నిలబెట్టి, ఫిల్ రంధ్రం అంచుకి ఆయిల్ వచ్చేదాకా పోసి మూసేయడమే. మీరు నిజంగా పానా పట్టడం నేర్చుకోవాలనుకుంటే మొదట ఆ మూడూ మార్చండి, చెయ్యి కుదిరాక గేర్‌బాక్స్‌కి దిగండి.